పెనం దగ్గరి మనిషి

తిరుపతి,
నవంబరు 11

మునిలక్ష్మి వదినకు,

కవరు చూసి భయపడకు. నాకేమీ కాలేదు. ఒళ్ళూ ఉద్యోగమూ రెండూ కుదురుగానే ఉన్నాయి. దీపావళికి ఊరొచ్చినప్పుడు నువ్వే కదా అన్నావు, "ఫోన్లో అయితే నేనొక మాట సెప్పేలోపల నువ్వు నాలుగు సెప్తావు కోమలీ. కాయితం మీద రాయి. అప్పుడన్నా ఒకరిది ఒకరం ఆకరిదాకా ఇంటాము" అని. అందుకే పోస్టాఫీసుకు వెళ్ళి కవర్లు కొన్నాను. కౌంటర్లో పెద్దాయన "ఏదన్నా ఉద్యోగానికా అమ్మా?" అని అడిగాడు. మా వదినకు అన్నాను. కళ్ళజోడు తీసి నన్ను మళ్ళీ చూశాడు.

ప్రతాప్ అన్న ఆ రోజు అన్నం ముందు కూర్చుని చెప్పిన మాట నన్ను వదలడం లేదు. "ఈ సీజనుతో గానుగ ఆకరు. పెనం పాత ఇనుపోళ్ళకు ఏసేసి, సెరుకు సేన్లో మామిడి పెడతా." చిత్తూరు మండీ వ్యాపారికి పసుప్పచ్చగా మెరిసే బెల్లం కావాలి. మనది నల్లగా ఉంటుంది, ఎందుకంటే నాయన తెల్లబరిచే మందు వెయ్యనివ్వడు. అన్న చెప్పిందీ అబద్ధం కాదు, నాయన పట్టుదలా తప్పు కాదు. కానీ నాయన సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు చూడు, అదే నా కళ్ళ ముందు ఉంది.

అందుకని ఒక పని చేశాను. మా ఆఫీసులో నేను హోటళ్ళకూ చీరల షాపులకూ ఇంటర్నెట్లో వ్యాసాలు రాస్తాను కదా. ఊరి వాళ్ళందరి గురించి రాసేదాన్ని మన ఇంటి బెల్లం గురించి రాయలేనా అనిపించింది. 'ఐరాల బెల్లం' అని ఒక బ్లాగు తెరిచాను. బ్లాగంటే ఊరి మధ్యలో మనకొక గోడ ఉన్నట్టు. మనం రాసింది దారిన పోయే వాళ్ళెవరైనా చదవచ్చు, నచ్చితే నేరుగా మన దగ్గరే కొనవచ్చు. మండీ అక్కర్లేదు.

మొదటి పోస్టు పెట్టి పది రోజులయింది. పదకొండు మంది చదివారు. అందులో ఏడు సార్లు నేనే. ఒకరు మా ఆఫీసు పెద్ద ధర్మేంద్ర గారు, అదీ నేను పక్కన నిలబడితే. మిగతా ముగ్గురూ దారి తప్పి వచ్చిన వాళ్ళయి ఉంటారు.

అచ్చు తీసి దీంతో పంపుతున్నాను. పేరు 'బెల్లం వల్ల పది లాభాలు'. మొహమాటం లేకుండా చెప్పు.

కోమలి


ఐరాల,
నవంబరు 16

కోమలీ,

మొహమాటం వద్దన్నావు కాబట్టి చెబుతున్నాను. నీ పోస్టు మధ్యాహ్నం అన్నం తిన్నాక చదవడం మొదలుపెట్టాను. మొదటి లాభం రక్తం, రెండోది అరుగుదల, మూడోది ఎముకలు. నాలుగో లాభం ఏమిటో నాకు తెలియదు, నిద్ర పట్టింది. నీ బెల్లానికి అది పదకొండో లాభం, చేర్చుకో.

కోపం తెచ్చుకోకు. "బెల్లం మన ఆరోగ్యానికి ఎంతో మేలు చేస్తుంది" అని మొదలుపెట్టావు. ఎవరికి తెలియదమ్మా? తెలిసిందే చెప్పేవాళ్ళ పక్కన బస్సులో సీటు ఖాళీ ఉన్నా ఎవరూ కూర్చోరు. ఇంకొకటి, ఇంత కాగితంలో ఒక్క మనిషి లేడు. చెరకు నరికేవాళ్ళు లేరు, వండేవాళ్ళు లేరు, తినేవాళ్ళు లేరు. బెల్లం ఒక్కటే ఉంది, మాత్రల సీసాలో ఉన్నట్టు.

మొన్న ఏం జరిగిందో చెబుతాను. కాణిపాకం పోయే బెంగళూరు కారొకటి మన గానుగ దగ్గర ఆగింది. వాసనకే ఆగిందట. అరవై దాటిన మొగుడూ పెళ్ళాలు. ఆమె తటాలున దిగింది, ఆయన గొణుక్కుంటూ దిగాడు. పాకం దించేశాం అప్పుడే. చెరకు ముక్కతో పెనం అంచు గీకి ఆమె చేతికి ఇచ్చాను. నోట్లో పెట్టుకుని చెరకు తోట వైపు తిరిగి నిలబడిపోయింది.

"ఎట్లుందే?" అన్నాడాయన.

ఆమె కళ్ళు మూసుకుంది.

"ఏమే, నిన్నే!"

"ఉండండి, ఇంకా మింగలేదు" అంది.

ఆయన తనకూ కొంచెం పెట్టమని చెయ్యి చాపాడు. ఆమె ముక్కను వెనక దాచుకుని, "తిరిగి పొయ్యేటప్పుడు పలమనేరులో మా తమ్ముడింటికి కారు తిప్పుతారా?" అని అడిగింది. ఎన్నాళ్ళ గొడవో మరి! ఆయన అటూ ఇటూ చూసి, "తిప్పుతాలే, ఇయ్యి" అన్నాడు. మామా నేనూ నవ్వాపుకోలేక పిప్పి కుప్ప వెనక్కి పోయాం.

నేనైతే ఇది రాస్తాను. ఆపైన నీ ఇష్టం, చదువుకున్నదానివి.

మీ వదిన


తిరుపతి,
నవంబరు 28

వదినా,

నాలుగో లాభం చర్మకాంతి. తెలుసుకో.

నువ్వు చెప్పిందే రాశాను. పేర్లు లేకుండా, ఎవరని తెలియకుండా. "'ఉండండి, ఇంకా మింగలేదు' అందావిడ" అన్నదే మొదటి వాక్యం. మిగతాది నువ్వు రాసినట్టే. చివర మన గానుగకు దారి, ఫోను నంబరు. వారం రోజుల్లో మూడు వందల నలభై మంది చదివారు! కింద అభిప్రాయాలు కూడా రాశారు. ఎక్కువ మంది అడిగింది బెల్లం గురించి కాదు, "ఇంతకీ ఆయన పలమనేరుకు కారు తిప్పాడా లేదా?" అని. మదనపల్లె నుంచి ఒకావిడ మొగుళ్ళ మాట నమ్మవద్దని ఇరవై వాక్యాలు రాసింది. పదహారు మంది బెల్లం పంపమన్నారు. అన్నకు ఆ చిరునామాలు పంపాను, కట్టలు కట్టించాడా?

ధర్మేంద్ర గారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని చదివారు. ఈసారి నేను నిలబడనక్కర్లేకపోయింది. "ఇన్నాళ్ళూ మన ఆఫీసులో ఈ రాత యాడ దాచినావు?" అన్నారు. మా వదిన దగ్గర అని చెప్పలేదు. సారీ.

ఇప్పుడు అసలైనది రాయాలి. నాయన గురించి. నలభై ఏళ్ళుగా పెనం దగ్గర నిలబడుతున్నాడు, ఒక నిమిషం ముందూ కాదు వెనకా కాదు, పాకం దించే క్షణం ఎలా తెలుస్తుంది ఆయనకు? చిన్నప్పుడు ఎన్నోసార్లు అడిగాను, "పో, పోయి సదువుకో" అనేవాడు. నువ్వు అడిగి రాయి. నీకైతే చెబుతాడు.

కోమలి


ఐరాల,
డిసెంబరు 4

కోమలీ,

కట్టలు వెళ్ళిపోయాయి. మీ అన్న అట్టపెట్టెల మీద చిరునామాలు తానే రాశాడు. "పదారు పెట్టెలకే గానుగ నిలబడదు" అని ఒక పక్క అంటూనే, పెట్టెకు రెండు వరసలు టేపు చుట్టాడు.

మామను అడిగాను. "అది సెప్తే వచ్చేది కాదు" అన్నాడు. నాకు తెలిసినంత రాస్తాను, నువ్వు ఆయన మాటగా సరిచేసుకో.

రసం పెనంలో పోశాక మొదట మురికి పైకి వస్తుంది. బెండ కాడల జిగురు కలిపితే ఆ మడ్డి అంతా ఒక దుప్పటిలా చేరుతుంది, దాన్ని తీసెయ్యాలి. తర్వాత బుడగలు. తొలి బుడగలు చిన్నవి, తొందర మనుషుల మాటల్లా గబగబా పగులుతాయి. రసం చిక్కబడే కొద్దీ పెద్దవవుతాయి, నిదానిస్తాయి. అప్పుడు చప్పుడు మారుతుంది. అంతవరకూ సలసల, ఆ తర్వాత బొదబొద. అక్కడి నుంచి పక్కకు తల తిప్పకూడదు.

ఆపైన వాసన. మొదట పచ్చి గడ్డి వాసన, తర్వాత ఉడికిన చిలగడదుంప వాసన, ఆ తర్వాత వేయించిన శనగపప్పు తగిలినట్టు ఉంటుంది ఒక్క రవ్వ. అది తగిలిందంటే ఇంక రెండు మూడు నిమిషాలే. అప్పుడు చన్నీళ్ళలో చెయ్యి ముంచి, పాకం చుక్క తీసి, మళ్ళీ నీళ్ళలో వేస్తే ఉండ కావాలి. ఆ ఉండను పళ్ళెం అంచుకు కొడితే 'టంగ్' మనాలి. 'టప్' మంటే ఇంకా రాలేదు. 'టంగ్' మన్నాక కూడా ఆలోచిస్తూ నిలబడితే మాడుతుంది. అప్పుడు [ఒక మాట కొట్టేసి ఉంది] మామ "దించండ్రా!" అని అరుస్తాడు. నలుగురూ గొలుసు లాగి పెనం వంచుతారు.

కుడి చేతి మీద చిన్న బొబ్బ లేచింది, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. ఏం లేదు, పాకం చిందింది. పసుపు రాశాను.

మీ వదిన


తిరుపతి,
డిసెంబరు 22

వదినా,

ముందు సంతోషం. 'టంగ్ మనే దాకా' అని పేరు పెట్టి, నాయన ఫోటోతో వేశాను. నాలుగు వేల మంది చదివారు. నాలుగు వేలు! ఐరాల సంతలో కూడా అంతమందిని చూడలేదు నేను. తిరుపతిలో స్టెల్లా గారని ఒకావిడ ఉన్నారు, బెల్లంతోనే కేకులూ బిస్కట్లూ చేసి అమ్ముతారు. "రాసిన అమ్మాయితో మాట్లాడాలి" అని మా ఆఫీసుకే వచ్చారు. "ఉడికిన చిలగడదుంప వాసన నుంచి శనగపప్పు వాసనకు... అది సదివి నాకు నోట్లో నీళ్ళు తిరగలేదమ్మా, కండ్లలో తిరిగినాయి. మా అమ్మ పెనం కాడ కూలికి పొయ్యేది" అన్నారు. ఆమెకు ఏడాది పొడుగునా బెల్లం కావాలి. కానీ మందు వెయ్యడం లేదని తన కళ్ళతో చూస్తేనే ఒప్పుకుంటారట. జనవరి ఆఖరి ఆదివారం వస్తారు. బ్లాగు చదివిన వాళ్ళు ఇంకొందరు మేమూ వస్తామన్నారు. నాయన పెనం దించడం చూడాలట.

ఇప్పుడు రెండో సంగతి. దీనికి నిజం చెప్పు.

పోయిన గురువారం నాయన ఇక్కడ పెళ్ళికొచ్చి ఒక పూట నా గదిలో ఉన్నాడు కదా. నేను పొయ్యి మీద పాలు పెట్టి కింద కూరగాయల బండి దగ్గరికి దిగాను. మాటల్లో పడి ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి మెట్ల మీదకే మాడు వాసన. గిన్నె నల్లగా అయిపోయింది. నాయన పొయ్యికి మూడు అడుగుల దూరంలో వీపు అటు పెట్టుకుని, హాయిగా పేపరు చదువుకుంటున్నాడు. "నాయనా, వాసన రాలా?" అంటే ఉలిక్కిపడి, "ఏదో ఆలోచనలో ఉండాను" అన్నాడు. చూపు మాత్రం తప్పించాడు.

ఆ సాయంత్రం నీ ఉత్తరం మళ్ళీ తీశాను. "అప్పుడు" తర్వాత ఒక మాట కొట్టేసి ఉంది. కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. "నేను" అని ఉంది.

పాకం చింది ఎవరి చెయ్యి కాలింది వదినా? పెనం దగ్గర నిలబడేది ఎవరు?

కోమలి


ఐరాల,
డిసెంబరు 27

కోమలీ,

నీకు రాసే ముందు మూడు కాగితాలు చించాను. ఇదొక్కటీ కొట్టివేతలు లేకుండా రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట మామకు కరోనా జ్వరం వచ్చి తగ్గింది గుర్తుందా? మనిషి లేచాడు కానీ వాసన తిరిగి రాలేదు. ఎవరికీ చెప్పలేదు. సీజను మొదలయ్యాక వరసగా రెండు పెనాలు మాడాయి. కట్టెల తప్పన్నాడు, చెరకు తప్పన్నాడు. మూడో పెనం దగ్గర నేను పొయ్యిలో పిప్పి వేస్తూ ఉన్నాను. నా ముక్కుకు తగిలింది. పన్నెండేళ్ళుగా ఆ పొయ్యి ముందు కూర్చున్నదాన్ని, తెలియకుండానే తెలిసిపోయింది. "మామా, అయింది" అన్నాను. ఆయన నన్ను చూశాడు. ఒక్క క్షణం. "దించండ్రా!" అని అరిచాడు. పెనం బాగా వచ్చింది.

అందరూ పోయాక నా దగ్గరికొచ్చి, "అమ్మణ్ణీ, నాకు వాసన సచ్చిపోయిండాది. ఎవురికీ సెప్పొద్దు" అన్నాడు. అత్త పోయినప్పుడు కూడా ఆయన గొంతు అలా వినలేదు నేను.

అప్పటి నుంచి ఇదే. ఆయన నిలబడతాడు, నేను పక్కన ఉండి దగ్గుతాను. దగ్గితే దించమని. బుడగలూ చప్పుడూ ఆయనే నేర్పాడు నాకు, ఓపికగా, చిన్నపిల్లకు అక్షరాలు దిద్దించినట్టు. పోయిన ఏడాది నుంచి ఉండ చూసేదీ నేనే. మీ అన్నకు తెలుసో లేదో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

నీ పోస్టు ఫోన్లో చదివాను. రెండు సార్లు చదివాను. చాలా బాగుంది. మామ ఫోటో కింద నా వాసనలన్నీ వరసగా ఉన్నాయి. నీతో అబద్ధమెందుకు, మొదట సంతోషం వేసింది, ఆ వెనకే కడుపులో సన్నగా మండింది. గొడ్ల కొట్టంలోకి పోయి కాసేపు పేడ ఎత్తాను. మంట తగ్గింది, కొట్టం కూడా శుభ్రమైంది.

కోమలీ, అది అలాగే ఉండనీ. ఆయనకు ఇప్పుడు మిగిలింది ఆ పేరే. పోయిన వారం ఇద్దరు ముగ్గురు వచ్చి "తిరుమలయ్య గారంటే మీరేనా?" అని అడిగితే ఎంత పొంగిపోయాడో నువ్వు చూడలేదు. దాన్ని నేను తీసుకోలేను.

మీ వదిన


తిరుపతి,
జనవరి 6

వదినా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు బ్లాగు తెరవలేకపోయాను. నీ మాటలు, నీ ముక్కు, నీ చెయ్యి. వాటి మీద నాయన ఫోటో పెట్టింది నేను. నాలుగు వేల మంది మెచ్చుకుంటే అందరికీ థాంక్స్ చెప్పిందీ నేనే.

పోస్టు తీసేద్దామా అని ధర్మేంద్ర గారిని అడిగాను, కారణం చెప్పకుండా. "బాగుండేది ఎందుకు తీస్తావమ్మా? ఏమన్నా తప్పు రాసినావా?" అన్నారు. తప్పంటే... అందులో ప్రతి మాటా నిజమే, మనిషి ఒక్కరే తారుమారు. ఏమీ లేదండీ అని నా సీటుకు వచ్చేశాను.

నాయన పేరు నువ్వు తీసుకోలేవన్నావు. సరే. నీ పేరు నేను దాచవచ్చా? ఇది నాకు తేలడం లేదు. నాయనకు నేనూ కూతుర్నే, ఆయన తల దించుకుంటే చూడలేను. అందుకని ఒక్కటే అడుగుతున్నాను. ఆదివారం సందర్శన ఏదో సాకు చెప్పి మానిపించనా? స్టెల్లా గారు వేరే చోట చూసుకుంటారు. అన్న మామిడి మొక్కలు తెస్తాడు. ఎవరూ ఎవరి ముందూ బయటపడరు.

నువ్వు ఏది చెబితే అది చేస్తాను. ఈసారి ఉత్తరం కోసం ఆగలేను, ఫోను చెయ్యి.

కోమలి


ఐరాల,
జనవరి 27

కోమలీ,

ఫోన్లో "రానీ" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాను, కోపం అనుకున్నావేమో. పెనం మీద పాకం ఉంది అప్పుడు.

నువ్వు నిన్న రాలేకపోయావు. అలిపిరి మెట్లు ఎక్కే దానివి మెట్టు చూసుకోవద్దా? కాలికి కట్టు కట్టించుకుని పడుకున్నదానివి కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పందొమ్మిది మంది వచ్చారు. రెండు కార్లు, ఒక వ్యాను. మామ పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ పంచె కట్టాడు. పెనం దగ్గర తెల్ల పంచె! స్టెల్లా గారు రాగానే మందు డబ్బాల కోసం కొట్టం అంతా తిరిగి చూశారు. పిప్పి కుప్ప వెనక్కి కూడా వెళ్ళారు. బెండ కాడలు తప్ప ఏమీ దొరకలేదు.

మామ మాట్లాడాడు చూడూ! చెరకు నాటడం దగ్గర మొదలుపెట్టి, వాళ్ళ తాత ఎద్దుల గానుగ దాకా పోయాడు. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేను మామూలుగా ఆయన ఎడమ పక్కన నిలబడ్డాను. బుడగలు పెద్దవయ్యాయి. బొదబొద మొదలైంది. శనగపప్పు వాసన తగిలింది. దగ్గాను.

అప్పుడే గాలి తిరిగింది. పొగ జనం మీదికి కమ్మింది. పందొమ్మిది మందీ ఒక్కసారిగా దగ్గడం మొదలుపెట్టారు! మామ ముఖంలో రంగు మారింది. ఏది నా దగ్గో ఏది వాళ్ళదో తెలియక అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. నేను ఇంకా గట్టిగా దగ్గాను. నా పక్కనున్న ఆమె "అయ్యో, నీళ్ళు తాగమ్మా" అని నా నోటి దగ్గర సీసా పెట్టింది. కోమలీ, నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

స్టెల్లా గారు కళ్ళు తుడుచుకుంటూ, "అయ్యా, అయిందా? ఎట్ల తెలస్తాది మీకు?" అని అడిగారు.

మామ పాకం వైపు చూశాడు, నా వైపు చూశాడు. చేతిలోని గరిటె నా చేతిలో పెట్టాడు.

"నువ్వు సూడు తల్లీ" అన్నాడు, అందరికీ వినబడేట్టు.

గరిటె పట్టుకుని ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. "బిన్నా సూడు, మాడిపోతాది!" అని కసిరాడు. ఆ కసురుకు కదిలాను. చన్నీళ్ళలో చెయ్యి ముంచి ఉండ తీశాను, పళ్ళేనికి కొట్టాను. 'టంగ్' మంది. "దించండ్రా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గొలుసు దగ్గర మీ అన్న ఉన్నాడు. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు, లాగాడు.

పాకం తొట్టిలోకి దిగాక మామ భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని చెప్పాడు. "అబ్బా, మీరంతా శానా దూరం నుంచి వచ్చినారు. మీకు అబద్ధం సూపించి పంపలేను. మూడేండ్లుగా నాకు వాసన తెలీదు. ఈ మూడేండ్లూ ఈడ బెల్లం వండింది మా కోడలు. పేరు మాత్రం నేను మోస్తా ఉండాను. బరువుగా ఉండాది, ఈ పొద్దు దించేసినాను."

నేను తల ఎత్తలేదు. అప్పుడు మీ అన్న గొలుసు వదిలి, "నాకు మొదటి నుంచీ తెలుసులే నాయనా" అన్నాడు.

"తెలిస్తే సెప్పలేదేమిరా?"

"నువ్వు సెప్పలేదు కదా!"

స్టెల్లా గారు పెద్దగా నవ్వేశారు, ఆ వెనక అందరూ. మామ కూడా నవ్వాడు. తర్వాత ఆమె నా దగ్గరికి వచ్చి, బొబ్బ మానిన చేతిని పట్టుకుని తిప్పి చూసి, "మా అమ్మ చెయ్యి కూడా ఇట్లే ఉండేది" అని మాత్రం అన్నారు. వచ్చే ఏడాదికంతా బెల్లం మన దగ్గరే తీసుకుంటామని మీ అన్నతో మాట్లాడుకుని వెళ్ళారు.

సాయంత్రం మామ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బాధపడుతున్నాడేమోనని మజ్జిగ తీసుకుపోయాను. "అమ్మణ్ణీ, ఆ పందొమ్మిది మందీ ఒకేసారి దగ్గినారు సూడు..." అని లేచి కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాడు.

కాలు ఎలా ఉంది?

మీ వదిన


తిరుపతి,
ఫిబ్రవరి 3

వదినా,

నీ ఉత్తరం మంచం మీదే నాలుగు సార్లు చదివాను. పక్క గదిలో ఉండే జాహ్నవికి చదివి వినిపించాను. ఆమె నీళ్ళ సీసా దగ్గర నవ్వి, నాయన మాట దగ్గర ఏడ్చింది. తర్వాత "ఇది బ్లాగులో ఎప్పుడు వేస్తావ్?" అంది.

వెయ్యను. నేను వెయ్యను. నువ్వు రాయాలి, నీ పేరుతో. నాకు ఇన్నాళ్ళూ తెలియనిది నీ దగ్గర నేర్చుకున్నాను. తెలిసిన మాటతో మొదలుపెట్టకూడదని, మనుషులు ఉండాలని, ఎవరు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే ఉంచాలని. ఒక్కటి మాత్రం ఆలస్యంగా తెలిసింది. ఎంత బాగా రాసినా, చేసిన మనిషిని పక్కన పెట్టి రాస్తే అది సగమే. నీ కథను ఇంకోసారి నా చేత్తో రాస్తే మళ్ళీ అదే తప్పు.

పాత పోస్టు తియ్యలేదు. పైన రెండు వాక్యాలు చేర్చాను, ఈ వాసనలన్నీ చెప్పింది మునిలక్ష్మి అని, ముందే చెప్పనందుకు క్షమించమని. ధర్మేంద్ర గారికీ నిజం చెప్పాను, అన్నీ. ఆయన తల గోక్కుని, "అట్లయితే ఉద్యోగం నీకు ఇచ్చినానా, మీ వదినకు ఇచ్చినానా?" అన్నారు. నాకే ఉంచారులే.

రాసి పంపు. ఒక్క అక్షరం మార్చను.

కోమలి


ఐరాల,
ఫిబ్రవరి 17

కోమలీ,

దీంతో పాటు ఆరు కాగితాలు ఉన్నాయి. అదే నా పోస్టు. ఐదు రోజులు పట్టింది. ఉత్తరం రాయమంటే చెయ్యి ఆగదు, అందరూ చదువుతారనగానే కలం బిగుసుకుపోయింది. చివరికి పైన "కోమలీ" అని రాసి, నీకే చెబుతున్నట్టు మొదలుపెట్టాను. అయిపోయాక ఆ పేరు కొట్టేశాను. కనబడితే ఏమీ అనుకోకు.

మొదటి వాక్యం ఇది: "నేను దగ్గితే మా ఇంట్లో పెనం దిగుతుంది."

మామకు చదివి వినిపించాను. అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. రెండు పెనాలు మాడిన సంగతి వచ్చినప్పుడు గొంతు తగ్గించాను. "గట్టిగా సదువు" అన్నాడు. అంతా అయ్యాక చాలాసేపు గడ్డం నిమురుకుని, "ఒక తప్పు ఉండాది" అన్నాడు.

"'తిరుమలయ్య కోడలు' అని రాసినావు. తిరుమలయ్యలు ఈ మండలంలోనే పది మంది ఉండారు. ఏ తిరుమలయ్య కోడలో ఎవురికి తెలస్తాది? నీ పేరు ఎయ్యి."

వేశాను.

ఆయన ఇప్పుడు ఊరికే లేడు. వచ్చేవాళ్ళకు చెరకు దగ్గర నుంచి తొట్టి దాకా తిప్పి చూపిస్తున్నాడు. "వండేది ఆ యమ్మ. మాటలు మాత్రం నావి" అని మొదటే చెప్పేస్తాడు. నిన్న పెనుమూరు నుంచి వచ్చిన వాళ్ళకు ఎంతసేపు చెప్పాడంటే, వాళ్ళు బెల్లం కొనడం మరిచిపోయి సగం దారి పోయి తిరిగొచ్చారు.

పొద్దున మీ అన్న ట్రాక్టరు తెచ్చి మామిడి పెడతానన్న చేను దున్నించాడు. నేనేమీ అడగలేదు. మధ్యాహ్నానికి బండి నిండా చెరకు ముచ్చెలు దిగాయి, నాటడానికి.

"మామిడి ఏమయింది?" అన్నాను.

"నాయన వద్దంటా ఉండాడు" అన్నాడు.

"మామ ఏమీ అనలేదే!"

కట్ట విప్పుతూ నా వైపు చూడకుండా, "సరే, నేనే వద్దన్నాను. పో, పోయి ముచ్చెలు నానెయ్యి" అన్నాడు.

పోతున్నాను. ఎల్లుండి మొదలుపెట్టి వారం పైనే నాటుతాం. కాలు బాగుంటే రా.

మునిలక్ష్మి